కర్నూలు, కడప ప్రాంతాల కతోలిక చరిత్రలో శ్రమ గౌరవం: సిద్ధాంతం, కులం, కూలి

వ్యాససంగ్రహం:

మనిషి చేసే పనికి ఆధ్యాత్మిక విలువ ఉందని కతోలిక విశ్వాసం బోధిస్తుంది. ఆ విలువ పని స్వభావం నుంచి కాక, పని చేసే మనిషి నుంచి వస్తుందని ఆధునిక కతోలిక సాంఘిక సిద్ధాంతం స్పష్టం చేసింది. పుట్టుకను బట్టి పనిని, పనిని బట్టి మనిషి స్థాయిని నిర్ణయించే గ్రామవ్యవస్థలో ఈ బోధకు ఏ గతి పట్టింది? రాయలసీమలో, ముఖ్యంగా కర్నూలు, కడప ప్రాంతాలలో, 18వ శతాబ్ది నుంచి నేటి వరకు సాగిన కతోలిక చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కర్ణాటక మిషన్, 1876–78 నాటి కరువు, మేత్రాసనాల ఏర్పాటు, వలసకూలీల సమస్య అనే నాలుగు ఘట్టాలను ఇందులో చర్చించడమైనది.

కీలకపదాలు: శ్రమ గౌరవం, కతోలిక సాంఘిక సిద్ధాంతం, కర్ణాటక మిషన్, రాయలసీమ, కరువు, కూలి, వలస, దళిత క్రైస్తవులు.

1. ప్రవేశిక

తెలుగులో పనిని చెప్పే మాటలు అనేకం. కష్టం, పాటు, కూలి, చాకిరి, ఊడిగం, వెట్టి అనేవి వాటిలో కొన్ని. ఇవన్నీ ఒకే అర్థచ్ఛాయ కలవి కావు. ‘కష్టం’ అనే మాటలో శ్రమా ఉంది, బాధా ఉంది. ‘కూలి’ అనే మాట చేతికి వచ్చే ప్రతిఫలాన్నీ చెబుతుంది, ఆ ప్రతిఫలం కోసం వచ్చిన మనిషినీ చెబుతుంది. ‘వెట్టి’లో పని ఉంది గాని ప్రతిఫలం లేదు. ఈ పదజాలమే ఒక సామాజిక చరిత్ర. ఎవరు ఏ పని చేయాలి, దానికి ఏమి ముట్టాలి, ఆ పని చేసినవాడు ఊరిలో ఎక్కడ నిలబడాలి అన్న నియమాలు ఈ మాటలలో ఇమిడి ఉన్నాయి.

వర్షాధారపు సేద్యం, తరచు వచ్చే కరువులు, రాతినేలలు గల కర్నూలు, కడప ప్రాంతాలలో ఈ నియమాలు మరింత కఠినంగా పనిచేశాయి. వాన కురిస్తేనే పని, పని దొరికితేనే కూడు. ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అనే సామెత ఇక్కడి బతుకుకు యథాతథ వర్ణన. ఇటువంటి నేలపై పనికి ఆధ్యాత్మిక అర్థం ఉందని చెప్పే ఒక మతసంప్రదాయం అడుగుపెట్టింది. ఆ బోధ ఈ నేలను ఎంత మార్చిందో, ఈ నేల ఆ బోధను ఎంత మార్చిందో పరిశీలించవలసి ఉంది.

2. సిద్ధాంత నేపథ్యం

కతోలిక సంప్రదాయంలో పనిని గురించిన ఆలోచనకు బైబిలు మూలం. ఆదికాండము రెండవ అధ్యాయంలో దేవుడు మనిషిని ఏదెను తోటలో ఉంచింది దానిని సేద్యం చేసి కాపాడడానికే. పాపం ప్రవేశించింది మూడవ అధ్యాయంలో. చెమటోడ్చి తినవలసిన స్థితి ఆ తరువాత వచ్చింది. కాబట్టి పనిలోని బాధ శిక్ష కావచ్చు గాని, పని శిక్ష కాదు అన్నది వేదాంతుల వివరణ. మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో నజరేతు ప్రజలు యేసును వడ్రంగిగా గుర్తిస్తారు. పౌలు డేరాలు కుట్టి జీవించినట్లు అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతుంది. ఆరవ శతాబ్దిలో పునీత బెనెడిక్టు తన మఠ నియమావళిలో ప్రార్థనతోపాటు చేతిపనిని దినచర్యలో భాగం చేశాడు.

ఆధునిక కాలంలో ఈ ఆలోచన సాంఘిక సిద్ధాంతంగా రూపొందింది. 1891 మే 15న 13వ లియో పోపు వెలువరించిన ‘రేరుం నొవారుం’ విశ్వలేఖ న్యాయమైన వేతనాన్ని గురించి ఒక ముఖ్యసూత్రాన్ని ప్రతిపాదించింది. యజమాని, కూలి ఇష్టపడి కుదుర్చుకొన్నంత మాత్రాన వేతనం న్యాయమైనది కాదు. ఒప్పందం కంటె ముందున్నది సహజన్యాయం. పొదుపుగా బతికే శ్రామికుని జీవనానికి వేతనం చాలకపోతే, అవసరానికి లొంగి అతడు ఒప్పుకొన్నా అది అన్యాయమే. 1955లో 12వ పియూసు పోపు మే 1వ తేదీని కార్మికుడైన పునీత జోజప్ప పండుగగా ప్రకటించాడు. 1981 సెప్టెంబరు 14న రెండవ జాన్‌పాల్ పోపు వెలువరించిన ‘లబోరెం ఎక్సెర్చెన్స్’ విశ్వలేఖ పనికి వస్తుపరమైన అర్థం, కర్తృపరమైన అర్థం అనే భేదాన్ని చూపింది. ఏమి తయారైంది, ఏ పనిముట్టు వాడారు అన్నది మొదటిది. ఎవరు చేశారు అన్నది రెండవది. పనికి విలువ ఇచ్చేది ఈ రెండవ అర్థమే. పని మనిషి కోసం గాని మనిషి పని కోసం కాదు.

ఈ భేదాన్ని మన గ్రామవ్యవస్థ పక్కన పెట్టి చూస్తే దాని తీవ్రత అర్థమవుతుంది. ఈ సిద్ధాంతంలో మనిషి గౌరవం పనికి సంక్రమిస్తుంది. కులవ్యవస్థలో పనికి అంటగట్టిన అశౌచం మనిషికి సంక్రమిస్తుంది. రెండూ ఎదురెదురు దిశలలో నడిచే తర్కాలు. కులం శ్రమవిభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని 1936లో ‘కుల నిర్మూలన’ గ్రంథంలో అంబేద్కర్ చేసిన విశ్లేషణ ఈ సందర్భంలో స్మరణీయం.

3. కర్ణాటక మిషన్: సన్న్యాసి, రైతు, కూలి

3.1. సన్న్యాసి వేషం, దాని పరిమితి

రాయలసీమలో కతోలిక విశ్వాసం నిలదొక్కుకొన్నది 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి యేసుసభ గురువులు ప్రారంభించిన కర్ణాటక మిషన్ ద్వారా. నేటి చిత్తూరు ప్రాంతంలోని పుంగనూరు, పూర్వపు అనంతపురం జిల్లా ప్రాంతంలోని కృష్ణాపురం ఈ మిషన్ తొలికేంద్రాలలో ముఖ్యమైనవి. కృష్ణాపురంలో పనిచేసినవారిలో లెగాక్ పేరెన్నిక గన్నవాడు. 1606లో మదురై చేరిన రాబర్ట్ దె నోబిలి చూపిన మార్గాన్ని అనుసరించి ఈ గురువులు కాషాయం ధరించి, శాకాహారులై, సన్న్యాసుల వలె జీవించారు. ఈ పద్ధతి వల్ల కాపులు, వెలమలు, కమ్మవారు మొదలైన వ్యవసాయ కులాలలో వారికి ఆదరణ లభించింది. తెలుగునాట మొదటి కతోలిక సమాజాలు ప్రధానంగా రైతు సమాజాలు కావడానికి ఇది ఒక కారణం.

అయితే ఆ ఆదరణకు ఒక మూల్యం ఉంది. సన్న్యాసిగా గౌరవం నిలుపుకోవాలంటే ఊరి వెలుపలి వాడలకు దూరంగా ఉండాలి. పొలంలో కలుపు తీసేవారు, చచ్చిన పశువును మోసేవారు, తోలు పదును చేసేవారు ఉన్న వాడకు గురువు బహిరంగంగా వెళ్లలేడు. పనిని పవిత్రం చేసే విశ్వాసం, పని చేసేవాని గడప తొక్కలేని స్థితిలో పడింది. వడ్రంగి కుమారునిగా పిలువబడిన యేసును బోధించిన గురువులు చేతిపని కులాలకు దూరం పాటించడంలోని వైరుధ్యం నాడే రోము దృష్టికి వచ్చింది.

1704లో పోపు ప్రతినిధి దె తూర్నొ పుదుచ్చేరిలో జారీ చేసిన ఆజ్ఞలు ఈ చర్చలో కీలకమైనవి. ‘పరయలు’గా పేర్కొన్న అంటరాని కులాలలోని రోగుల ఇండ్లకు గురువులు వెళ్లి సంస్కారాలు ఇవ్వాలని అవి నిర్దేశించాయి. దేవాలయ ఉత్సవాలలో క్రైస్తవ వాద్యకారులు వాయించరాదని కూడా అవి ఆదేశించాయి. ఈ రెండింటిని కలిపి చదవాలి. మొదటిది వాడలోని శ్రామికుని గౌరవాన్ని గుర్తించింది. రెండవది అదే వాడలోని వాద్యకారుని జీవనోపాధిని తాకింది. వాయించడం అతనికి కులవృత్తి, ఊరి పట్ల బాధ్యత, కళ్లంలో ధాన్యపు మేరకు ఆధారం. ఆ పనిని విడిచిపెట్టమన్న ఆజ్ఞలో దానికి బదులు ఏ పని అన్న ప్రశ్నకు సమాధానం లేదు. 1744లో 14వ బెనెడిక్టు పోపు ‘ఓమ్నియుం సొల్లిచితూదినుం’ అనే శాసనంతో ఈ వివాదానికి ముగింపు పలికాడు. అందులో అట్టడుగు కులాలకోసం ప్రత్యేకంగా వేరే గురువులను నియమించాలన్న యేసుసభ ప్రతిపాదన ఆమోదం పొందింది. సేవ అందింది, కాని వేర్పాటు కూడా స్థిరపడింది. శ్రమ గౌరవాన్ని సిద్ధాంతంలో అంగీకరించి ఆచరణలో వరుసలు విడదీసే అలవాటుకు ఈ పరిష్కారం ఒక తొలి దృష్టాంతం.

3.2. పనివాని విద్య: కేర్దూ ఉత్తరం

ఈ కాలానికే చెందిన మరొక రచన పనివాని జ్ఞానాన్ని గురించి ఆలోచింపజేస్తుంది. 1732లో భారతదేశం చేరిన యేసుసభ గురువు కేర్దూ తెలుగు నేర్చి నిఘంటు నిర్మాణం చేసినవాడు. సంస్కృతానికి, లాటిన్, గ్రీకు భాషలకు ఉన్న పోలికలను 1767లోనే ఫ్రాన్సు పండితులకు తెలియజేసినవాడుగా భాషాశాస్త్రజ్ఞులు అతనిని గుర్తుంచుకొంటారు. అతడు 1742లో తీరప్రాంతం నుంచి రాసిన ఒక ఉత్తరంలో నూలుబట్టలపై రంగుల అద్దకం పద్ధతిని దశలవారీగా వర్ణించాడు. కరక్కాయను గేదెపాలతో కలిపి బట్టకు పట్టించడం, ఎరుపు కోసం చెరివేరు వాడడం మొదలైన వివరాలు అందులో ఉన్నాయి. ఇవి అతనికి చెప్పినది క్రైస్తవం స్వీకరించిన అద్దకపు పనివారే.

ఈ ఉత్తరానికి రెండు ముఖాలు ఉన్నాయి. గురువు పనివాని ముందు శిష్యుడుగా కూర్చున్నాడు. చేతిపనిలో శాస్త్రం ఉందని, దానిని అక్షరబద్ధం చేయదగునని ఒప్పుకొన్నాడు. ఇది నిస్సందేహంగా శ్రమకు ఇచ్చిన గౌరవం. కాని ఆ విద్య ఐరోపా పరిశ్రమకు ఉపయోగపడాలన్న ఉద్దేశం కూడా అందులో ఉంది. అచ్చులో నిలిచినది రాసినవాని పేరు. విద్యను పంచిన పనివారు చరిత్రలో పేరులేనివారుగా మిగిలారు. పనికి గౌరవం ఇవ్వడం, పనివానికి న్యాయం చేయడం ఒకటి కావు అనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

3.3. తొలి వలస

18వ శతాబ్ది మధ్యభాగంలో యుద్ధాలు, కరువులు, పాలనాపరమైన అస్థిరత వల్ల రాయలసీమ కతోలిక రెడ్డి కుటుంబాలు అనేకం తూర్పుకు తరలి గుంటూరు సీమలో స్థిరపడ్డాయి. ఫిరంగిపురం, ముట్లూరు, రెంటచింతల వంటి గ్రామాలలోని కతోలిక సమాజాల చరిత్ర ఈ వలసతో ముడిపడి ఉంది. వీరు సేద్యపు నైపుణ్యంతో, బంధువర్గంతో, విశ్వాసంతో కలిసి కదిలారు. చేరినచోట భూమి సంపాదించారు, గుడి కట్టుకొన్నారు. 1773లో యేసుసభ రద్దయి గురువులు కరువైన కాలంలో కూడా ఈ సమాజాలు విశ్వాసాన్ని నిలుపుకొన్నాయి. భూమి ఉన్నవాని శ్రమకు ఊరిలో గౌరవం సహజంగానే దక్కుతుంది. భూమి లేనివాని శ్రమ సంగతి ఏమిటన్నది తరువాతి శతాబ్దపు ప్రశ్న.

4. 1876–78 కరువు: కూలికి కొలత

1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. కర్నూలు 1839లో చేరింది. 1876–78 నాటి మహాకరువులో మద్రాసు రాజధానిలో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి, కర్నూలు, కడప ముందువరుసలో ఉన్నాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగోవంతు తగ్గింది.

ఈ కరువులో ప్రభుత్వం సహాయానికి పనిని షరతుగా పెట్టింది. రోడ్లు వేయడం, రాళ్లు కొట్టడం, కాలువలు తవ్వడం వంటి పనులకు వచ్చినవారికే కూలి. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం ప్రాతిపదికకు తగ్గించాడు. బరువు పనిచేసే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. అదే ఏడాది మే నెలలో కూలి పెంచక తప్పలేదు.

పని చేయనివానికి తిండి లేదన్న సూత్రం ఈ విధానం వెనుక ఉంది. తెస్సలోనీకీయులకు రాసిన రెండవ లేఖలో పౌలు చెప్పిన మాటకు ఇది దగ్గరగా కనిపిస్తుంది. కాని పౌలు ఉద్దేశించినది పని చేయడానికి ఇష్టపడనివారిని. కరువు శిబిరంలోనివారు పని కోరి వచ్చినవారు. వారి విషయంలో తప్పినది పని కాదు, కూలి. పద్నాలుగేండ్ల తరువాత వెలువడిన ‘రేరుం నొవారుం’ సూత్రాన్ని ఈ లెక్కకు అన్వయిస్తే ఫలితం స్పష్టం. ఆకలికి లొంగి కూలి ఒప్పుకొన్నాడు గనుక అది న్యాయమైనదని చెప్పడానికి వీలులేదు. విశ్వలేఖ ఐరోపా ఫ్యాక్టరీలను దృష్టిలో పెట్టుకొని రాసినదే అయినా, దాని తర్కానికి కర్నూలు, కడపల కరువు రోడ్లపై అంతకంటె తీవ్రమైన నిదర్శనం ఉంది.

ఇదే కాలంలో పొరుగు ప్రాంతంలో జరిగిన మరొక ఘటన పోల్చదగినది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగం తవ్వే గుత్త తీసుకొని మాదిగలకు, ఇతర పేదలకు పని కల్పించాడు. కాలువ పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తిండి కోసం మతం అన్న విమర్శ దీనిపై ఉంది. అయితే ఆ కూలీలకు అందినది తిండి ఒక్కటే కాదు. కొట్టకుండా, కోత పెట్టకుండా, మనిషిగా చూసి పని చేయించిన అనుభవం కూడా అందులో ఉంది. 19వ శతాబ్ది చివరి సామూహిక మతాంతరీకరణలను అర్థం చేసుకోవడానికి శ్రమ గౌరవం అనే ఈ కోణం అవసరం.

5. మిల్‌హిల్ గురువుల నుంచి మేత్రాసనాల వరకు

1866లో హెర్బర్ట్ వాన్ లండన్ సమీపంలో స్థాపించిన మిల్‌హిల్ సంస్థ గురువులు 1875 నుంచి మద్రాసు పరిధిలోని తెలుగు ప్రాంతాలలో పనిచేయసాగారు. కాషాయ సన్న్యాసుల కాలం ముగిసింది. మాలమాదిగ వాడలలోనికి నేరుగా ప్రవేశించడం, బడి, గుడి కలిపి నడపడం, స్థానిక ఉపదేశులపై ఆధారపడడం ఈ దశ లక్షణాలు. 1928లో నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది. దాని నుంచి 1967లో కర్నూలు, కర్నూలు నుంచి 1976లో కడప మేత్రాసనాలు ఏర్పడ్డాయి.

ఈ దశలో శ్రమకు ఆధ్యాత్మిక అర్థం ఆచారాల ద్వారా అందింది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గుడిగంటతో చెప్పే త్రికాల జపం పనిదినాన్ని మూడుచోట్ల ఆపి దేవుని వైపు తిప్పుతుంది. ఆదివారపు విశ్రాంతి మరింత లోతైనది. ఏడాది గాసానికి కుదిరిన జీతగానికి తనదని చెప్పుకోదగిన రోజు ఉండదు. వారంలో ఒకరోజు దేవునిది అనడమంటే, ఆ రోజు యజమానిది కాదని చెప్పడమే. విశ్రాంతిని ఆజ్ఞగా బోధించడం పనిమనిషిపై యజమాని అధికారానికి ఒక హద్దు గీయడం అవుతుంది. రెండవ వాటికన్ మహాసభ అనంతరం మాతృభాషలోనికి వచ్చిన దివ్యబలిపూజలో, అర్పించే అప్పాన్ని భూమి ఫలంగా, మానవ శ్రమ ఫలితంగా పేర్కొనే ప్రార్థన ఉంది. జొన్న, కొర్ర పండించి సంగటి తినే నేలలో గోధుమ అప్పం పరాయిదే. కాని అందులో శ్రమ ఉందన్న మాట పరాయిది కాదు.

అయినా కులం గుడి బయట ఆగలేదు. తెలుగు కతోలిక సమాజంలోనే కులాలవారీ దూరాలు, నాయకత్వంలో అసమానతలు కొనసాగాయి. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు క్రైస్తవులకు లేదు. ఆ ఉత్తర్వు పరిధిలోనికి 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు, క్రైస్తవులు చేరలేదు. మతం మారినా పని మారని మనిషికి ఇటు రక్షణా లేదు, అటు సమానతా లేదు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారతా విధానపత్రం శ్రీసభలోనే వివక్ష ఉందని అంగీకరించింది. కర్నూలు జిల్లాలో పుట్టి, కడప మేత్రాసనంలో గురువుగా పనిచేసి, 2008 నుంచి 2020 వరకు కర్నూలు పీఠాధిపతిగా ఉన్న పూల ఆంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. దళిత సమాజం నుంచి ఆ పదవి పొందిన మొదటివారు ఆయనే. 1744లో వేరే గురువులు కావలసివచ్చిన వాడల నుంచి 2022లో కార్డినల్ రావడానికి 278 ఏండ్లు పట్టింది.

6. సుగ్గి బాట: పరోక్ష యజమాని ఎవరు?

పశ్చిమ కర్నూలు ప్రాంతంలో కోసిగి, ఆదోని, ఆలూరు పరిసరాల నుంచి ఏటా వేలాది కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి వెళుతుంటాయి. ఈ వలసను అక్కడ ‘సుగ్గి’ అంటారు. కన్నడంలో పంటకాలాన్ని చెప్పే ఈ మాట ఇక్కడ ఊరు విడిచే కాలాన్ని చెబుతుంది. 18వ శతాబ్దిలో కతోలిక రైతులు నడిచిన తూర్పుదారే ఇదీ. నాటివారు భూమి వెతుక్కొంటూ వెళ్లి స్థిరపడ్డారు. నేటివారు కూలి వెతుక్కొంటూ వెళ్లి తిరిగి వస్తున్నారు. దారి ఒకటే అయినా శ్రమకు దక్కిన గతులు వేరు.

‘లబోరెం ఎక్సెర్చెన్స్’ వ్యవసాయ కూలీలను, వలస కార్మికులను ప్రత్యేకంగా చర్చించింది. అందులో ‘పరోక్ష యజమాని’ అనే భావన ఉంది. కూలి చేతిలో పెట్టేవాడు ప్రత్యక్ష యజమాని. ఆ కూలిని, ఆ పని పరిస్థితులను నిర్ణయించే చట్టాలు, ప్రభుత్వాలు, మార్కెట్లు పరోక్ష యజమానులు. మిరపకోతకు వచ్చిన మనిషికి తక్కువ కూలి దక్కితే తప్పు పొలం రైతుదే అని తేల్చడానికి ఈ భావన ఒప్పుకోదు. ధర లేని రైతు, నీరు లేని ఊరు, పని చూపని ప్రభుత్వం ఆ కూలిలో భాగస్వాములు.

ఈ దృష్టితో 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ప్రాధాన్యం పెరుగుతుంది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. 1877లో ప్రభుత్వం పనిని పరీక్షగా పెట్టింది. 2006లో, కుటుంబానికి ఏడాదికి 100 రోజుల వరకు, పనిని హక్కుగా గుర్తించింది. రెండూ మట్టి తవ్వే పనులే. మనిషిని నిలబెట్టిన స్థానం మాత్రం మారింది. అదే జిల్లాలో 1969 నుంచి పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ యేసుసభను విడిచిన తరువాత కూడా నీటివనరులు, వైద్యం, విద్య రంగాలలో గ్రామీణాభివృద్ధి సంస్థ ద్వారా చేసిన కృషి, ఆధ్యాత్మికతకు కర్మాచరణే రూపమన్న ఆలోచనకు సీమలో మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణ.

7. ‘ప్రతి పనీ పవిత్రమే’: ఒక హెచ్చరిక

శ్రమ గౌరవాన్ని బోధించేటప్పుడు ‘ప్రతి పనీ పవిత్రమే’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఈ మాటను జాగ్రత్తగా వాడాలి. వెట్టి చేసేవానికి, చేతులతో మలం ఎత్తేవానికి వారి పని పవిత్రమని చెప్పడం ఓదార్పు కావచ్చు. కాని ఆ ఓదార్పు వారిని అక్కడే ఉంచడానికి ఉపయోగపడితే అది బోధ కాదు, బంధం. ఊడిగాన్ని ‘సేవ’గా పిలిచే అలవాటు మన సమాజంలో మతభేదం లేకుండా ఉంది.

కర్తృపరమైన అర్థాన్ని తుదివరకు అనుసరిస్తే ఫలితం దీనికి భిన్నంగా ఉంటుంది. గౌరవం మనిషిదైతే, ఆ గౌరవాన్ని హరించే పనిని తిరస్కరించడం కూడా శ్రమ గౌరవంలో భాగమే. వెట్టిని నిషేధించిన 1976 చట్టం, చేతితో మలం ఎత్తే పనిని నిషేధించిన 1993, 2013 చట్టాలు ఈ కోణంలో ఆధ్యాత్మిక విలువ గల శాసనాలు. పవిత్రమైనది పని చేసే మనిషి. అతనిని కుదించే పని పవిత్రం కాజాలదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

(1) కర్నూలు, కడప ప్రాంతాల కతోలిక చరిత్రలో శ్రమ గౌరవ బోధకు ప్రధాన ప్రతిబంధకం కులం. 1704, 1744 నాటి నిర్ణయాలు ఆ ప్రతిబంధకాన్ని గుర్తించాయి గాని తొలగించలేకపోయాయి.

(2) పనివాని విద్యకు దక్కిన గౌరవం పనివానికి దక్కలేదని కేర్దూ ఉత్తరం తెలుపుతుంది.

(3) 1876–78 కరువు కూలి ప్రశ్నను నైతిక ప్రశ్నగా మార్చింది. 1891 విశ్వలేఖ ప్రతిపాదించిన న్యాయవేతన సూత్రం ఆ అనుభవానికి అన్వయించదగినది.

(4) ‘పరోక్ష యజమాని’ భావన సుగ్గి వలస వంటి నేటి సమస్యను వ్యక్తుల దయకు వదలక, వ్యవస్థల బాధ్యతగా చూడడానికి ఉపకరిస్తుంది.

(5) శ్రమకు ఆధ్యాత్మిక అర్థం చెప్పే ఏ బోధనైనా, అది కూలీని ఉన్నచోటనే ఉంచుతున్నదా, లేచి నిలబడనిస్తున్నదా అన్న ప్రమాణంతో పరీక్షించాలి.

కతోలిక సమాజాల చరిత్రను ఇంతవరకు ఎక్కువగా గురువుల లేఖలు, మేత్రాసన వృత్తాంతాల ఆధారంగా రాస్తూ వచ్చారు. కూలీల, ఉపదేశుల, వలస కుటుంబాల మౌఖిక కథనాలను సేకరించి ఆ వృత్తాంతాలతో సరిపోల్చవలసిన అవసరం ఉంది. ఈ దిశలో పరిశోధకులు పూనుకొంటే, పనిని గురించి విశ్వాసం చెప్పిన మాటతోపాటు, విశ్వాసాన్ని గురించి పనివారు చెప్పుకొన్న మాట కూడా చరిత్రలో చేరుతుంది.